పోయినవి ముందు, వచ్చినవి తర్వాత

మా చెల్లెలు పోగొట్టుకున్నవి మొత్తం ఏడు.

ఒకటి, నెలనెలా వచ్చే ముట్టు. రెండు, రవికెకు ఛాతీ దగ్గర ఉండే బిగువు. అదే రవికె భుజాల దగ్గర కుట్లు తెగేంత బిగిసింది, అయితే అది వచ్చినవాటి కిందికి వస్తుంది, పోయినవాటి కిందికి కాదు. మూడు, కణతల మీది జుట్టు. నాలుగు, గొంతు. ఐదు, అత్తగారింట్లో పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టే పని. ఆరు, పేరంటం పిలుపులు. ఏడు, అద్దం చూసుకునే అలవాటు.

ఈ ఏడూ పదమూడు నెలల్లో పోయాయి. ఎనిమిదోదిగా ప్రాణం పోవలసింది, పోలేదు. దాన్ని పోకుండా పట్టుకున్న మనిషి గురించి ఇది.

ఈ వరసలో చెప్పడం కూడా ఆమె నేర్పిందే. మేమంతా చెల్లెలికి వచ్చినదాన్నే చూశాం. గడ్డం వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్లకు గడ్డం వస్తే ఇంకేం కనబడుతుంది? దాని వెనక ఏమేం పోయాయో లెక్కపెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

పోయిన వారం ధర్మవరంలో మా వీధి పిల్ల ఒకతె పట్టుదారం కండెలకు చుడుతూ, మాటిమాటికీ కొంగు లాగి గడ్డం కప్పుకోవడం చూశాను. పక్కన కూర్చుని, "ఎప్పటి నుంచి పాపా?" అని అడిగాను.

"కొంచెం దినాల నుంచి పెద్దమ్మా."

"కొంచెం అంటే ఎన్ని?" అన్నాను.

అన్నాక గాని ఆ మాట నాది కాదని తెలియలేదు. అది పెనుకొండ డాక్టరమ్మ మాట. ఆమె పోయి ఇన్నేళ్ళయినా నా నోట్లో అలాగే ఉంది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆమె పేరు రాయను. తన దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరు కూడా ఆమె గడప దాటనివ్వలేదు. ఆమె పేరును నేను దాటించడం నాకు సరిగా తోచలేదు. ఊరు కన్నడ సీమ అంచున రొళ్ల దగ్గర ఒక పల్లె. మద్రాసులో చదివి వచ్చి, పెనుకొండలో కొండ కింద ఒక పెంకుటింటి ముందుగదిలో కూర్చునేది. కోపం వస్తే కన్నడంలో తిట్టేది, లెక్క వేసేటప్పుడు తెలుగులోకి వచ్చేది. గదిలో ఒక బల్ల, ఒక ముక్కాలిపీట, గోడకు ఆనించిన ఒక పెద్ద పలక. యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క ఆ పలక తెచ్చుకుందట. తర్వాత కాగితం దొరికినా పలక మానలేదు. "కాగితమ్మీద తప్పు రాస్తే దాన్ని సమర్థించుకోబుద్ధయితాది. పలకయితే తుడిచేయొచ్చు" అనేది.

కొంచెం, చాలా, అప్పుడప్పుడు. ఈ మూడు మాటలూ ఆ గదిలో చెల్లేవి కావు. "చాలా దినాలయిందమ్మా" అని ఎవరన్నా అంటే, ఆమె గోడ మీది పంచాంగం చూపించి, "చాలా అనే నెల అందులో యాడుండాదో చూపించు" అనేది. ఇంట్లో ఉన్న మనిషి జబ్బు గురించి వచ్చి చెప్పినా ఒప్పుకునేది కాదు. "మా వదినకు ఇట్లుండాది, మందియ్యి" అంటే, "మీ వదిన్నే పిల్చుకురా. వినిన జబ్బు నా లెక్కలోకి రాదు. నేను చూసిందే లెక్క" అని పంపేసేది. ఒక రేకు డబ్బాలో బొరుగులు పెట్టుకుని, ఒక్కో రోగి పోయాక ఒక్కో గుప్పెడు నోట్లో వేసుకునేది. పదకొండుమంది వస్తే పదకొండు గుప్పెళ్ళు. అదే ఆమె మధ్యాహ్నం కూడు.

ఆమెకు మీసం ఉండేది. పైపెదవి మీద సన్నగా, నల్లగా, దూరం నుంచే కనబడేది. తీసుకునేది కాదు, దాచుకునేది కాదు. వీధిలో పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చి "మీసాల డాక్టరమ్మా!" అని అరిచి పరిగెత్తేవాళ్ళు. ఆమె లోపలి నుంచే, "ఏంరా, నీకింకా రాలేదని కుళ్ళా?" అని అరిచేది. ఏదైనా గట్టిగా ఆలోచించేటప్పుడు చూపుడువేలు ఆ మీసం మీదికి పోయేది. వేలు అక్కడ ఉన్నంతసేపు గదిలో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

ఇక మా సంగతి. చెల్లెల్ని హిందూపురంలో ఇచ్చాం. వాళ్ళకు బజారులో చీరల అంగడి. పెళ్ళయిన నాలుగో ఏడు, దసరా ముందర, ఆమె భర్త ఆమెను రైల్లో తీసుకొచ్చి మా అమ్మ ఇంట్లో దింపిపోయాడు. దారంతా మొహం మీద కొంగు తీయలేదట. వాళ్ళ అత్త చెప్పి పంపిన మాట ఒక్కటే: ఈ గడ్డం పెళ్ళినాటికే ఉంది, మీరు దాచి మాకు అంటగట్టారు, మావాడికి ఇంకో పిల్లను చూస్తున్నాం.

మా అమ్మ ఊరుకోలేదు. ఉగాది దాకా నా బిడ్డ మొహం పళ్ళెంలా ఉండేదని, ఆ నీళ్ళు పడక ఇలా అయిందని పోట్లాడింది. ఒక తాయెత్తు కట్టించింది, అది పనిచేయక ఇంకొకటి కట్టించింది. చెల్లెలు పొయ్యిలో బూడిద వేళ్ళకు అద్దుకుని గోళ్ళతో వెంట్రుకలు పీక్కునేది. గడ్డమంతా పుండ్లు. చివరికి మా వీధి మంత్రసానే, "ఇది నాకు అందేది కాదు, పెనుకొండకు పిల్చుకుపోండి" అంది. అమ్మ, నేను, చెల్లెలు రైలెక్కాం.

చెల్లెలు ఆమె ముందు కూర్చుని కూడా కొంగు తీయలేదు. ఆమె తీయమని అనలేదు. ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని, వెలుతురు వైపు తన మొహం తిప్పి, పైపెదవిని వేలితో చూపించింది.

"చూడు పాపా. ఇది మా అవ్వ ఇచ్చింది. మా అవ్వకుండె, మా మేనత్తకుండె, నాకుండాది. పద్నాలుగేండ్లప్పుడు మొదలాయ, ఇరవైకి ఇంతయి ఆడికి నిలిచిపాయ. ఇప్పుడు నాకు నలభై ఆరు. ఇరవై ఆరేండ్లలో పెదవి దాటి ఒక్క అడుగు ముందుకు పోలా. నీది ఎవరిచ్చినారు?"

చెల్లెలి కొంగు దానంతట అదే జారింది. "ఎవురూ ఇయ్యలేదమ్మా" అంది. ఆ గొంతు విని ఆమె వేలు మీసం మీదికి పోయింది. అప్పటికి ఆ గొంతు మాకు అలవాటైపోయింది. హిందూపురంలో ఒకరోజు చెల్లెలు తలుపు వెనక నుంచి పాలవాణ్ణి పిలిస్తే, వాడు మగమనిషనుకుని "వస్తి స్వామీ" అన్నాడట. ఇంటిల్లిపాదీ నవ్వారు. అదీ ఒక జబ్బు గుర్తని ఎవరూ అనుకోలేదు.

"ఎంత కాలమాయ?" అని ఆమె అమ్మను అడిగింది.

"వాళ్ళు నాలుగేండ్లంటాండారమ్మా, నోట్లో పురుగులు పడా. ఉగాది నుంచి అంతే."

"నాలుగేండ్లని ఎవరు లెక్కపెట్టినారు?"

"వాళ్ళే."

"ఉగాదని?"

"నేనే."

"ఇది లెక్క కాదుమ్మా, కొట్లాట. మీ ఇంట్లో లెక్క తెలిసినోళ్ళు ఎవరుండారు?"

అమ్మ నన్ను చూపించింది. నేను బడికి పోలేదు. పడుగు పోగులు లెక్కపెడుతూ అంకెలు నేర్చుకున్నాను, అంతే. ఆమె నాకు సుద్దముక్క ఇచ్చి, పలక మధ్యలో నిలువుగా ఒక గీత గీసింది.

"వచ్చింది చెప్పొద్దు. అది నాకూ కనపడతాంది. ముందు పోయినవి రాయి."

"ఏం పోయినాయమ్మా?" అన్నాను.

"అదే నేనూ అడుగుతాండా."

అప్పుడు నేను చెల్లెల్ని మొదటిసారి సరిగా అడిగాను. ఆమె తల వంచుకుని ఒక్కొక్కటే చెప్పింది. గీతకు ఎడమవైపు నేను మొదట చెప్పిన ఏడూ చేరాయి. ముట్టు ఆగిపోయిన సంగతి అమ్మకు కూడా తెలియదు. అత్తగారింట్లో కడుపేమో అనుకుని కొన్నాళ్ళు సంతోషపడ్డారట. నెలలు గడిచినా కడుపు పెరగకపోయేసరికి ఆ మాట ఎత్తడం మానేశారు. కుడివైపు నాలుగు చేరాయి: గడ్డం, ఛాతీ మధ్య వెంట్రుకలు, బొడ్డు కింద వెంట్రుకలు, భుజాల కండ. చేతుల మీదివి, పిక్కల మీదివి కూడా రాయబోతే ఆమె తుడిచేసింది. "అవి అందరికీ ఉండేవే. లెక్క కాదు."

ఇప్పుడు ప్రతిదాని పక్కనా నెల వేయాలి. నేతవాళ్ళ ఇళ్ళలో మేము కాలాన్ని పడుగులతో లెక్కపెడతాం. మగ్గానికి ఎక్కించిన ఒక పడుగు, అంటే నిలువుపోగుల వరస, నేసి దించడానికి మాకు నెల పడుతుంది. బిడ్డ వయసు అడిగినా, బాకీ వయసు అడిగినా, ఇన్ని పడుగులైంది అంటాం. చెల్లెలు చివరిసారి ముట్టయింది మా ఇంట్లోనే. నా రెండో కాన్పుకు సాయం వచ్చి, కొత్త పడుగు అతికే రోజున దూరం కూర్చుంది. ముట్టయినవాళ్ళు మగ్గాన్ని తాకరు. నిండు నెలలతో నేనొక్కదాన్నే పోగులు అతకవలసి వచ్చింది కనుక ఆ రోజు నాకు బాగా గుర్తు. అప్పటి నుంచి తొమ్మిది పడుగులు దించాం. తొమ్మిది అని వేశాను. గడ్డం సంగతి చెల్లెలే చెప్పింది: దీపావళి తలంటికి వాళ్ళ అత్త మొహానికి నూనె రాస్తూ చేయి ఆపేసిందట. మర్నాడే తను మొదటిసారి బూడిద పట్టింది. దీపావళి నుంచి అప్పటికి పదకొండు నెలలు.

ఆమె పలక ముందు నిలబడి చాలాసేపు చూసింది. చాలాసేపు అని రాసినందుకు ఆమె ఒప్పుకోదు. బయట ఒక ఎద్దులబండి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోయేంతసేపు.

"గడ్డం వచ్చి పదకొండు నెలలు. ముట్టు పోయి తొమ్మిది. అంటే ముందు వచ్చి, తర్వాత పోయిందంటాండావు."

"అవునమ్మా."

"నేననుకునే జబ్బులో పోయేది ముందు పోతాది. వచ్చేది తర్వాత వస్తాది. నీ లెక్క నిజమైతే నా అనుమానం తప్పు. పాపకు బూడిద మానమని చెప్పి ఇంటికి పంపేస్తా." వేలు మీసం మీదే ఉంది. "తొమ్మిది పడుగుల నడాన మీ మగ్గం ఒక్కదినమూ ఖాళీ లేదా?"

"ఉండె కదమ్మా. యుద్ధానికని పట్టుదారమంతా పాయ. మాకు రాలా. నాలుగు నెలలు మగ్గం ఊరికే ఉండె."

"ఆ నాలుగు నెలలు యాడ పెట్టినావు?"

"పని లేదు కదమ్మా, ఏం లెక్కపెట్టేది?"

ఆమె నా వైపు తిరిగింది. కోప్పడలేదు.

"ఏమ్మే, ఖాళీ మగ్గానికి దినాలుండవా?"

పనిలేని రోజుల్ని మేమెవరమూ రోజులుగా లెక్కపెట్టం. మా నాయనా అంతే, మా అవ్వా అంతే. ఆకలితో గడిపిన నాలుగు నెలలు మా లెక్కలోంచి రాలిపోయాయి, వాటితోపాటు మా చెల్లెలు రాలిపోవలసింది. తొమ్మిదిని తుడిచి పదమూడు వేశాను. పోయినది ముందుకు జరిగింది, వచ్చినది వెనక్కి జరిగింది. గొంతు ఉగాదికి మారిందని చెల్లెలు చెప్పింది, అదీ వాటి తర్వాత సరిగా కూర్చుంది.

ఆమె చెల్లెల్ని బల్ల మీద పడుకోబెట్టి, తెర వేసి, కడుపు చూసింది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది: "ఎడమపక్క. గర్భసంచి పక్కనుండే గింజలో గడ్డ. ఆ గడ్డ మొగోళ్ళ ఒంట్లో ఊరే రసాన్ని ఈ పిల్ల ఒంట్లో ఊరిస్తాంది. గడ్డం జబ్బు కాదు, ఆ గడ్డ రాసి పంపిన చీటీ, అంతే."

"ఎంతుండాదమ్మా, నిమ్మకాయంతా?" అంది అమ్మ.

"నిమ్మకాయలు నేను పది సైజులవి చూసినా. మూడు వేళ్ళ అడ్డం ఉండాది. బెంగుళూరులో కోసి తీసేయల్ల. ఇంకో పదమూడు నెలలు ఆగితే తీసేదానికేమీ ఉండదు, పిల్లా ఉండదు."

పెద్దాసుపత్రిలో కత్తి పెట్టాలంటే భర్త సంతకం కావాలి. నేను ఉత్తరం రాసివ్వమన్నాను. ఆమె బొరుగుల డబ్బా మూత పెట్టి లేచింది. "ఉత్తరం రాస్తే ఆ ముసలామె చదవదు. నా మొహమైతే చదువుతాది, పా." మర్నాడు నేనూ ఆమే హిందూపురం పోయాం.

చెల్లెలి అత్త నడవాలో కూర్చుని కొడవలి మీద చింతపండు గింజలు తీస్తోంది. బజారంతా బెల్లం వాసన. ముందు అంగట్లో కొడుకు చీరలు మడతపెడుతూ చెవులు ఇటే పెట్టాడు. డాక్టరమ్మ వచ్చిన పని చెప్పేలోపే అత్త ఆమెను పైకీ కిందికీ చూసింది.

"ఏమమ్మా, గడ్డాల కోడలికి మీసాల డాక్టరా? బాగా కుదిరిందే జత."

నాకు నేలలోకి కుంగిపోయినట్టైంది. ఆమె మాత్రం అందరికంటే ముందు నవ్వింది. "కుదిరింది అక్కా. నీ ముందర కత్తి కూడా ఉండాది. ముగ్గురం క్షౌరం అంగడి పెట్టుకుందాం" అని అత్త పక్కనే చాప మీద కూర్చుని, ఒక చింతకాయ తీసుకుని గింజ ఒలవడం మొదలుపెట్టింది. నాలుగు కాయలు ఒలిచాక అడిగింది.

"పెండ్లినాడు పిల్లకు నలుగు పెట్టిందెవరక్కా?"

"ఇంకెవురు పెడతారు? నేనే. నాతో ఐదుగురు ముత్తైదువలు."

"అంటే ఆరుగురు. పన్నెండు చేతులు. మొహానికి పిండి రుద్దినారా?"

"రుద్దకుండా నలుగెట్లయితాది?"

"పన్నెండు చేతుల్లో ఒక్క చేతికీ గడ్డం తగల్లేదా?"

కొడవలి ఆగింది. అంగట్లో చీర మడత కూడా ఆగింది.

"నీ చేతికి ఎప్పుడు తగిలిందో నువ్వే చెప్పక్కా. నేను చెప్పను."

అత్త ఒక గింజను అటూ ఇటూ తిప్పింది. "దీపావళికి" అంది చివరికి. "తలంటికి. చెయ్యి గరగరమన్నింది. ఎవురికీ చెప్పలా. చెప్తే మా ఇంటికి మాటొస్తాదని."

"పోయిన దీపావళి?"

"పోయిన దీపావళే. ముందటేడు నున్నగుండె."

ఆమె నా వైపు చూసింది. పదకొండు నెలలు. మా చెల్లెలు చెప్పిన అంకె, ఆమెను వెళ్ళగొట్టిన మనిషి నోటి నుంచే వచ్చింది.

కొడుకు అంగడి దిగి వచ్చాడు. "బతుకుతాదని గ్యారంటీ ఇస్తారా అమ్మా?"

"లేదప్పా. ఈ రకం నేను చూసింది ఇద్దర్నే. ఒకరు బతికినారు. ఇంకొకరు ఆలస్యంగా వచ్చినారు. నీ పెండ్లాం ఆలస్యం కాలా."

"గడ్డం పోతాదా?" అంది అత్త. అడిగిన తీరులో వెటకారం సగం తగ్గింది.

"తగ్గుతాది, అంతా పోదు. గొంతు రాదక్కా, అది పోయిందే. ముట్టు వస్తాది. మనిషి ఉంటాది. నువ్వు నున్నటి మొహాన్ని తెచ్చుకున్నావా, కోడల్ని తెచ్చుకున్నావా అనేది నువ్వు తేల్చుకో."

కొడుకు సంతకం పెట్టాడు. మేము లేస్తుంటే అత్త గింజ తీసిన చింతపండు ఒక ముద్ద కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. రైల్లో ఆమె దాన్ని విప్పి చూసి, "రెండు గింజలు వదిలేసింది. చెయ్యి వణికినట్టుండాది" అంది.

బెంగుళూరులో చెల్లెలికి కోత జరిగింది. ఇరవై ఒక్క రోజులు ఉన్నాం. అక్కడి పెద్ద డాక్టరు ఆమెకు రాసిన ఉత్తరం నేనే పెనుకొండకు మోసుకొచ్చాను. ఆమె అనుమానపడిన గడ్డే, ఆమె చెప్పిన పక్కే. ఉత్తరం చదువుతూ ఆమె మొహం ముడుచుకుంది. నాకు భయమేసింది.

"ఏమైందమ్మా?"

"మూడు వేళ్ళంటి. మూడున్నర ఉన్నిందంట." ఆ అరవేలి తప్పుకు ఆమె ఆ రోజంతా చిరచిరలాడింది. అంతవరకు ఎవరికీ కనబడని గడ్డను వట్టి చేత్తో, ఒక పలకతో పట్టుకున్న మనిషి! నా గొప్పతనమని ఒక్క మాట అనుకోలేదు. ఆ గొప్ప అనుకోవడం నా వంతు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఏడింటిలో ఐదు తిరిగొచ్చాయి. మూడో నెలకు ముట్టు వచ్చింది. రవికెలు కుదిరాయి. దీపం, పేరంటం, అద్దం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గొంతు రాలేదు. కణతల జుట్టు సగమే వచ్చింది, సగాలను ఆమె ఒప్పుకోదు కనుక లెక్కలో వేయలేదు. ఇప్పుడు చెల్లెలికి ఇద్దరు కొడుకులు. పాలవాడు ఇంకా అప్పుడప్పుడు "స్వామీ" అంటాడు. ఇప్పుడు ముందు నవ్వేది చెల్లెలే.

అమ్మా నేనూ ఆమెకు ఒక పట్టుచీర తీసుకుని పోయాం. ఆమె ముట్టుకోలేదు. "నాకు చీర వద్దు. మీ చెల్లెలి మాదిరి కొంగు చాటున కూర్చున్నోళ్ళు మగ్గాలిండ్లలో ఇంకెంతమందో. వాళ్ళంతట వాళ్ళు రారు. పదిమందిని తెచ్చి నాకు చూపించు" అంది నాతో. సరే అన్నాను.

పది అనుకున్నంత తేలిక కాదు. గడ్డం దాచుకునేవాళ్ళను ఎలా కనిపెట్టాలి? పోగులో ముడి ఉందేమోనని మేము దారాన్ని పెదవుల మధ్య లాగి చూస్తాం. అలా లాగడం హఠాత్తుగా మానేసినవాళ్ళను గమనించాను. పెదవి మీద వెంట్రుకలుంటే పట్టు తగులుకుంటుంది కదా. ఐదేళ్ళలో ఏడుగురిని పెనుకొండ రైలెక్కించాను. ఆరుగురివి ఆమె మీసం లాంటివే. ముట్టు సరిగ్గా వస్తోంది, ఏదీ పోలేదు, వాళ్ళ అవ్వకూ ఉంది. అలాంటివాళ్ళకు ఆమె మందిచ్చేది కాదు. "మీ అవ్వకు దండం పెట్టుకుని ఇంటికి పో. బూడిద మాను, పుండ్లవుతాయి" అనేది. ఆ ఆరుగురిలో ఒకతె ఏడేళ్ళుగా పగటిపూట వీధిలోకి రాలేదు. ఆ రోజు పెనుకొండ స్టేషన్లో కొంగు భుజం మీదికి వేసుకుని, నాతో సమానంగా నిలబడి బొరుగులు కొనుక్కుని తింది.

ఏడో ఆమెది వేరు. మొహం గుండ్రంగా ఉబ్బి, కడుపు మీద ఎర్రటి చారలు పడి, కాళ్ళూ చేతులూ సన్నబడ్డాయి. ఆమెనూ బెంగుళూరు పంపింది. ఆ మనిషి ప్రాణంతో తిరిగి రాలేదు. ఆ తర్వాత నేను పోయినప్పుడు ఏడో ఆమె రెండు వరసలూ పలక మీద అలాగే ఉన్నాయి. పక్కన మిగిలిన కొద్ది చోటులోనే కొత్తవాళ్ళవి రాస్తోంది. "తుడవకూడదా అమ్మా?" అన్నాను. "యాడ తప్పినానో తెలీలా. తెలిసినాక తుడుస్తా" అంది. మూడు నెలలు తుడవలేదు.

ఎనిమిదో ఆమెది ముదిగుబ్బ. ఇద్దరం ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగాం. ముందుగది తలుపుకు తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే పలక గోడకే ఆని ఉంది, శుభ్రంగా తుడిచి ఉంది. పక్కింటామె బయటికి వచ్చింది.

"డాక్టరమ్మ యాడికి పోయింది?" అన్నాను.

"నీకు తెలీదా? నాలుగు దినాలు జరమొచ్చి పాయ కదమ్మా. పోయి పదకొండు దినాలాయ."

కొంచెం రోజులు అనలేదు, చాలా రోజులు అనలేదు. పదకొండు. ఆ గోడ పక్కన బతికినవాళ్ళకు కూడా ఆ అలవాటు పట్టింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ముదిగుబ్బ ఆమె నా భుజం పట్టుకుని, "ఇంగ మనం ఇంటికి పోదాం లేక్కా" అంది. ఆ మాట విని లేచాను. అదే రోజు తర్వాతి రైలుకు ఆమెను హిందూపురం తీసుకుపోయి అక్కడి డాక్టరుకు చూపించాను. వరండాలో కాచుకుని ఉన్నప్పుడు, సుద్దముక్క లేక వేలితో నేల మీదే గీత గీసి, పోయినవి ముందు అడిగాను. ఏదీ పోలేదు. వాళ్ళ అవ్వకూ ఉందట. లోపల డాక్టరు కూడా చూసి జబ్బు లేదన్నాడు.

అప్పటి నుంచి అలా తీసుకుపోయినవాళ్ళు పంతొమ్మిదిమంది. పోయిన వారం కండెల పిల్లతో ఇరవై. ఆ పిల్లకూ ఏమీ పోలేదు. ఇప్పుడు కొంగు సరిగా వేసుకుని, దారం పెదవి మీదుగానే లాగుతోంది. ఈ ఇరవైమందిలో ఎవరినైనా ఆ పదిలో కలపవచ్చునా అని చాలాసార్లు ఆలోచించాను. కలపకూడదు. నాకు చూపించు అని అడిగింది ఆమె. తాను చూసిందే లెక్క అన్నదీ ఆమే. ఆమె చూసినవాళ్ళు ఏడుగురు.

పదికి ఏడు. ఇంకా మూడు బాకీ.